పదును పెట్టించుకొనుట

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 13:19–22; ప్రసంగి 10:10; సామెతలు 27:17



ఈ నెల పాఠమునకై మనము తీసికొనిన భాగము ఒక యుద్ధకథ నడుమనున్న నాలుగు వచనములు. సాధారణముగా మనము వీటిని దాటి, 14వ అధ్యాయములోని యోనాతాను సాహసకార్యమునొద్దకు త్వరపడి పోవుదుము. పిల్లలకు సండేస్కూలులో చెప్పునప్పుడు కూడ ఈ వచనములను విడిచిపెట్టుదుము. అయితే గుడుపల్లె చుట్టుపట్ల కొడవలితోను గొడ్డలితోను మచ్చుకత్తితోను బ్రదుకు మనవంటివారికి ఇంత చేరువగా వచ్చు భాగములు బైబిలులో కొన్నియే. ఏలయనగా ఇది పనిముట్లకు పదును పెట్టించుకొనుటను గూర్చిన భాగము.

సంగతి ఏమనగా, హెబ్రీయులు కత్తులును ఈటెలును చేయించుకొందురేమోయని ఫిలిష్తీయులు ఆ దేశమందంతట ఒక్క కమ్మరవాడును లేకుండ చేసిరి. వారు ఇశ్రాయేలీయుల పొలములను తీసికొనలేదు, ఎద్దులను తోలుకొని పోలేదు. కొలిమిని మాత్రము తీసికొనిరి. అంతటితో చాలెను. దున్నవలెనన్న నాగటికి పదును కావలెను, కట్టెలు కొట్టవలెనన్న గొడ్డలికి పదును కావలెను. ప్రతి ఇశ్రాయేలీయుడును తన యినుమును భుజమున వేసికొని కొండసీమనుండి శత్రువుల ఊరికి దిగిపోయి, వారి కొలిమియొద్ద వరుసలో నిలువవలసి వచ్చెను. యుద్ధదినము వచ్చినప్పుడు సౌలునకును అతని కుమారుడైన యోనాతానునకును తప్ప జనులలో ఎవనిచేతను కత్తిగాని యీటెగాని లేకపోయెను.

ఇచ్చట 21వ వచనమును గూర్చి ఒక మాట చెప్పవలెను. మన పాత తర్జుమాలలో ఈ వచనమున ఆకురాళ్ల ప్రస్తావన యున్నది. క్రొత్త తర్జుమాలలోనో పదును పెట్టించుటకు ఇచ్చిన వెల చెప్పబడినది. చదువరులకు ఇది తికమకగా ఉండును. కారణమేమనగా మూలభాషలో అక్కడ “పీమ్” అను మాట యున్నది. ఆ మాట బైబిలులో మరి యెక్కడను లేదు గనుక పూర్వపు తర్జుమాదారులు దాని అర్థమును సందర్భమునుబట్టి ఊహించిరి. 20వ శతాబ్దారంభమున పాలస్తీనా దేశపు త్రవ్వకములలో ఆ మాటయే చెక్కబడిన చిన్న తూనికరాళ్లు దొరకెను. ఒక్కొక్కటి సుమారు ఏడున్నర గ్రాములకు పైచిలుకు, అనగా తులమునకు మూడింట రెండు వంతులు. దానితో సంగతి తేటపడెను. నాగటి నక్కునకు ఫిలిష్తీయుల కమ్మరవాడు తీసికొనిన కూలి అంత తూకపు వెండి! ఒక కర్రునకు పదును పెట్టించుటకు అంత వెండి తూచి యిచ్చిన రైతు ఇంటికి తిరిగి వచ్చుచు దారిలో ఏమనుకొనెనో మనము ఊహించుకొనవచ్చును.

మన భాషలో “పదును” అను మాటకు రెండు అర్థములున్నవి. కత్తికి పదును అందుము. వాన కురిసి నేల దున్నుటకు అనువుగా తడిసినప్పుడును పదునైనది అందుము. అదును పదును చూచుకొని సేద్యము చేయుమని పెద్దలు చెప్పుట మనమెరుగుదుము. నేలకు పదును పైనుండి వచ్చును, ఇనుమునకు పదును పరుని చేతనుండి వచ్చును. రెంటిలో ఏదియు దానంతట అది కలుగదు. కత్తి తన్ను తాను సాన పట్టుకొనలేదు గదా!

మన పూర్వుల కాలమున ఈ పని అంతయు ఊరి కమ్మరిదే. ఆయగాండ్రలో ఒకడైన అతనికి ఏ పనికి ఆ పనికి డబ్బు ఇచ్చెడివారు కారు. కళ్లములో ధాన్యము తూర్పారబట్టినప్పుడు అతని మేర అతనికి కొలిచి యిచ్చెడివారు. దానికి బదులుగా ఏడాది పొడుగున కర్రు అరిగినప్పుడెల్ల అతడు దానిని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలిపై పెట్టి సమ్మెటతో సాగగొట్టి, నీళ్లలో ముంచి గట్టిపరచి యిచ్చెడివాడు. మన గరుసు నేలలలో కర్రు ఎంత త్వరగా అరుగునో దున్నిన వారికి తెలియును. కొడవలి పండ్లు అరిగిన యెడల ఉలితో ఒక్కొక్క పన్ను లెక్కగా కొట్టి మరల కక్కు పెట్టెడివాడు. ఆ పద్ధతిలో మంచియు చెడుగును కలిసియుండెను. కమ్మరికి సంవత్సరపు తిండి నిశ్చయము. అయితే అందరికిని సమానముగా పని జరిగినదని చెప్పజాలము. కొందరి కర్రులు ముందుగా కొలిమిలోనికి పోయినవి, కొందరివి తడవయ్యే వరకు బయటనే పడియుండెను. మన సంఘములలోని ముసలివారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది అయ్యెను. దాని యినుము అరిగిన యెడల వెల్డింగు అంగడికి పోవును గాని కొలిమికి రాదు. కర్రు రాకపోగా కొలిమికి ప్రధానమైన పని పోయెను. పెక్కు ఊళ్లలో ఆచారిగారి కుమారులు కుప్పములోనో గుడుపల్లెలోనో రైలెక్కి బెంగుళూరు పనులకు పోవుచున్నారు. వారిని తప్పుపట్టుటకు మనకేమి అధికారము? మన పిల్లలును అదే రైలులో పోవుచున్నారు.

అయినను ఇంటిలో పదును పని తీరిపోలేదు. రాగి కోతకు కొడవలి కావలెను. పట్టుపురుగులు పెంచువారికి మల్బరి కొమ్మ తెగవేయుటకు పదునైన కత్తి కావలెను. మొద్దుకత్తితో కొట్టినయెడల బెరడు చీలి మోడు పాడగును. చిన్న పురుగులకు ఆకు సన్నగా తరుగునప్పుడు కత్తి మొద్దుదైతే ఆకు నలిగి త్వరగా వాడిపోవును. ఆవులకు మేత నరుకుటకు, చింతకొమ్మలు కొట్టుటకు, కొబ్బరికాయ వలుచుటకు, కుట్టుమిషను పెట్టుకొనిన అక్కచెల్లెండ్ర కత్తెరకు, అన్నిటికిని పదును కావలెను. ఇంటిలోని కత్తి మొద్దుబారినదో లేదో తెలిసికొనుటకు పెద్ద పరీక్ష అక్కరలేదు. బాగా పండిన టొమాటో పండు ఒకటి తీసికొని దానిపై కత్తిని నొక్కక యూరక లాగి చూడుడు. తోలు తెగిన యెడల పదునున్నది. పండు అణగి రసము కారిన యెడల లేదు. మదనపల్లె మార్కెట్టు మనకింత దగ్గరనుండగా ఈ పరీక్షకు పండ్లు కరవా?

ఇట్టి పనులకు ఇప్పుడు మన వీధులలోనికి వచ్చువాడు సైకిలు సానవాడు. తెలుగున “సాన” అనినను, తమిళమున “శాణై” అనినను, కన్నడమున “సాణె” అనినను మన మూడు రాష్ట్రముల సరిహద్దున అందరికిని అర్థమగును. అతడు సైకిలును స్టాండుపై నిలిపి, వెనుక చక్రమునుండి పట్టీ తగిలించి, త్రొక్కుచు సానచక్రమును త్రిప్పును. కొందరు ఇప్పుడు మోటారు సైకిలు ఇంజనుతోను కరెంటుతోను త్రిప్పుచున్నారు. ఆ చక్రములోని రాయి కథయు మన దేశమునకు సంబంధించినదే. పూర్వము కురువిందపు పొడిని లక్కతో కలిపి చక్రములు పోసి ఆరబెట్టెడివారు. తమిళులు కురుందమనియు మనము కురువిందమనియు పిలుచు ఆ రాతి పేరే ఇంగ్లీషువారి నోట “కొరండం” అయ్యెను. 1891లో అమెరికాలో అచెసన్ అను ఆయన బంకమట్టిని బొగ్గును విద్యుత్తు కొలిమిలో కాల్చి, వజ్రమునకు కొంచెము తక్కువ కాఠిన్యము గల క్రొత్త పదార్థమును కనుగొని దానికి కార్బోరండం అని పేరు పెట్టెను. 1954లో ఆ పేరుతోనే మద్రాసులో ఒక కర్మాగారము స్థాపింపబడి మన దేశమందే సానచక్రములు తయారగుట విస్తరించెను.

ఎవరికి ఏది ఇయ్యవలెనో తెలిసికొనుట మంచిది. వంటకత్తి, కత్తిపీట, మచ్చుకత్తి, కత్తెర సానవానికి ఇయ్యవచ్చును. పండ్లుగల కొడవలిని మాత్రము చక్రమునకు పెట్టరాదు. పండ్లు అరిగి నున్ననై కొడవలి పనికిరాకుండ పోవును. దానిని కొలిమికే తీసికొని పోవలెను. గొడ్డలి వాదర బాగుగా మందమెక్కిన యెడల, లేక పెచ్చులూడిన యెడల, అదియు కమ్మరి పనియే. కత్తెర విషయమై ఒక జాగ్రత్త. దాని రెండు రేకుల వెలుపలి ఏటవాలును మాత్రమే రాయికి పెట్టవలెను. లోపలి చదునైన ముఖములు రాయికి తగిలిన యెడల రేకులు ఒకదానితో ఒకటి కలియక గుడ్డను నమలును. తెలిసిన సానవాడు ఈ పొరపాటు చేయడు. వంటకత్తికి ఒక్కొక్క ప్రక్క 15 మొదలు 20 డిగ్రీల వాలు, గొడ్డలికి 25 మొదలు 30 డిగ్రీల వాలు ఉండవలెనని అంచనా. సన్నని వాదర సుళువుగా కోయును గాని దెబ్బకు ఓర్వదు. మందపు వాదర దెబ్బకు ఓర్చును గాని కూరగాయకు పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యముగా చూడవలసినది వేడిమి. చక్రము వేగముగా తిరుగుచుండగా కత్తిని గట్టిగా అదిమి పట్టినయెడల ఆ సన్నని అంచు క్షణములో కాలిపోవును. ఉక్కు మొదట లేత గడ్డిరంగు తిరుగును, అటుపిమ్మట ఊదా, దాదాపు 300 డిగ్రీల సెంటీగ్రేడునొద్ద నీలము. నీలి రంగు తిరిగిన వాదర చూచుటకు మెరయుచున్నను దాని గట్టిదనము తగ్గిపోయినది. నాలుగు దినములు కోయకముందే మరల మొద్దుబారును. అందుచేతనే మంచి సానవాడు ప్రక్కన నీళ్ల డబ్బా పెట్టుకొని, రెండు మూడు మారులు రాచి కత్తిని ముంచి, మరల రాచును. చివర సన్నని రాతిమీద చేతితో మెల్లగా లాగి, అంచున లేచిన సన్నని పొరను తీసివేయును. ఈ చివరి పని చేయక యిచ్చిన కత్తి మొదటి దినమున మాత్రమే తెగును. అది చేయించుకొనుటకు ఇంకొక రెండు నిమిషములు నిలుచుట మనకు నష్టము కాదు.

సామెతలు 27:17లో ఇనుము ఇనుమును పదును చేయునట్లు ఒక మనుష్యుడు తన చెలికానిని పదును చేయునని జ్ఞాని భావము. ఈ వచనమును మనము స్నేహమును గూర్చి చెప్పునప్పుడు తీయగా వాడుదుము. అయితే రాయి దగ్గర నిలిచి చూచినవాడు దానిని తీయగా చెప్పలేడు. ఎగురుచున్న ఆ నిప్పురవ్వలన్నియు కత్తి శరీరమునుండి పోవుచున్న ముక్కలే. అరుగక పదును రాదు. అట్లని ఎంత అరగదీసిన అంత పదును అనుకొనువారును మన సంఘములలో నున్నారు. తప్పిన యౌవనస్థుని నలుగురిలో నిలువబెట్టి, నీళ్లలో ముంచుటకైనను అవకాశమియ్యక అదిమిపట్టి రాచెదరు. ఆ క్షణమున అతడు మెరసినట్లే కనబడును. ఆరు నెలలకు అతడు ఆరాధనకు రాడు, ఎందుకు రాలేదో ఎవరికిని అర్థము కాదు. నీలి రంగు తిరిగినదని చెప్పుకొనవలెను. కాలిన భాగము మేరకు రాచివేసి మరల మొదలుపెట్టుట తప్ప అట్టి కత్తికి వేరు మందు లేదని పనివారు చెప్పుదురు. దానికి ఓర్పు కావలెను, కొంత ఇనుమును పోవును.

ప్రసంగి 10:10 వేరొక సంగతి చెప్పుచున్నది. ఇనుము మొద్దుగానుండగా దానిని పదును చేయని యెడల బలము ఎక్కువ ఖర్చగునని. ఇది మన యిండ్లలో ఎవరి బలము? చాలమట్టుకు స్త్రీల బలము. పురుషుడు తన గొడ్డలి మొద్దుబారిన దినమే కమ్మరియొద్దకు పోవును. వంటింటి కత్తిపీట మాత్రము ఏండ్ల తరబడి అట్లే యుండును. దానిమీద ఉల్లిగడ్డలు, గుమ్మడికాయ, కోడిమాంసము ఏదైనను బలవంతముగా నూకి కోయవలసినదే. మొద్దుకత్తి ప్రమాదము తక్కువయని కొందరనుకొందురు గాని అది సరికాదు. మొద్దుకత్తిని ఎక్కువగా నొక్కవలెను. నొక్కిన చేయి జారును. జారినప్పుడు ఆ బలమంతయు వ్రేలిమీదికి పోవును. ఇల్లాలు కత్తికి పదును కావలెనని అడిగినప్పుడు అది చిన్న కోరికయని ఇంటి యజమానులు త్రోసివేయరాదు.

ఇక బేరము సంగతి. సానవాడు వీధిలో నిలువగానే మనవారు మొదట అడుగు మాట, “ఏమన్నా, దీనికింతనా? రాయి మీద రెండుసార్లు రాస్తే పాయె గదా!” అతడు, “కాదక్కా, నీళ్లు పెట్టి మెల్లగా పట్టాల, కాల్చి ఇచ్చేది నాకు చేతకాదు” అనును. ఈ మాటలలో అతని విద్య అంతయు నున్నది. మెల్లగా పట్టుటకే కూలి. త్వరగా కాల్చి యిచ్చువాడు తక్కువకే ఇయ్యగలడు. సాన పట్టువారి బ్రదుకు సుఖమైనది కాదు. ఇంగ్లాండులో షెఫీల్డు పట్టణమున 19వ శతాబ్దములో తడి లేకుండ ఇసుకరాతి చక్రములపై కత్తులును ముండ్లగరిటెలును రాచిన పనివారు ఆ రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి చిన్న వయస్సుననే చనిపోయిరి. నేటి చక్రములు వేరు రాయివైనను, ధూళి ధూళియే, కంటిలో పడు రవ్వ రవ్వయే. మన వీధిలోని వానికి కంటి అద్దములును ముఖమునకు గుడ్డయు ఉన్నవో లేవో చూచుచున్నామా? దినకూలి దినమునకే, ప్రొద్దు క్రుంకకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము (ద్వితీయోపదేశకాండము 24:15). బిగబట్టిన కూలి దేవుని చెవిని మొరపెట్టునని యాకోబు (5:4). “రేపు రా, ఇంటాయన వచ్చినాక ఇస్తా” అని సైకిలు మీద ఊరూరు తిరుగువానితో చెప్పుట అతనికి కూలి ఇయ్యకుండుటయే. అతడు రేపు రామకుప్పములోనో శాంతిపురములోనో ఉండును.

ఎరవు తీసికొనిన పనిముట్ల విషయమై మన గ్రామములలో ఒక చెడ్డ వాడుక యున్నది. ప్రక్కింటి కొడవలి తెచ్చి, మూడు దినములు కోసి, మొద్దుబారిన తరువాత తిరిగి యిచ్చుట. ఎలీషా దినములలో గొడ్డలి నీళ్లలో పడినప్పుడు ఆ శిష్యుడు బిగ్గరగా మొరపెట్టినది గొడ్డలి పోయినదని కాదు, అది ఎరవుదని (2 రాజులు 6:5). ఎరవు తెచ్చినది చెడిన యెడల నష్టము అచ్చుకొనవలెనని నిర్గమకాండము 22:14లో నున్నది. మొద్దుబారుటయు చెడుటయే.

ఆదికాండము 4:22లో తూబల్కయీను ఇత్తడి ఇనుము పనిముట్లు చేయువాడని చదువుదుము. అక్కడ మూలభాషలోనున్న క్రియయే, నేటి మన వాక్యభాగములో ఇశ్రాయేలీయులు పదును పెట్టించుకొనుటకు దిగిపోయిరనుచోటను వాడబడినది. అనగా బైబిలులో చెప్పబడిన మొదటి లోహపు పనివాడు పదును పెట్టువాడు కూడనే. ఈ పని ఎంత విలువైనదో శత్రువులకు బాగుగా తెలియును. నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకొనినప్పుడు రాజును పరాక్రమశాలులను మాత్రమే గాక, కంసాలివారిని కమ్మరివారిని వెయ్యిమందిని చెరపట్టి బబులోనుకు కొనిపోయెను (2 రాజులు 24:16). నిరుపేదలను మాత్రము విడిచిపెట్టెను. ఫిలిష్తీయులు చేసినదానినే బబులోను రాజు పెద్ద యెత్తున చేసెను.

మన ఊళ్ల కొలిములను ఏ రాజును కొనిపోలేదు. పనిలేక అవి తామే చల్లారినవి, చల్లారుచున్నవి. చైనా కత్తి అంగడిలో చవుకగా దొరకుచుండగా పాతదానికి పదును ఎందుకని మనమే అనుచున్నాము. ఇది ఫిలిష్తీయుల బలవంతము వంటిది కాదు, అయినను ఫలితము ఒక్కటిగానే కనబడుచున్నది. కొడవలికి కక్కు కొట్టువాడు గుడుపల్లె మండలములో లేని దినము వచ్చిన యెడల కోతకాలమున మనము ఎవరి కొలిమికి దిగిపోవుదుము? ఎంత కూలియని అడిగిన అంత ఇచ్చి రావలసినదే గదా.

కొలిమి ఇంకను వెలుగుచున్న ఇండ్లవారికి ఈ సంగతి చెప్పుడి. కేంద్ర ప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ అను పథకమును ప్రారంభించినది. అందులో 18 చేతివృత్తులున్నవి, కమ్మరి పని వాటిలో నొకటి. పేరు నమోదు చేయించుకొనినవారికి శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయమును, మొదట లక్ష రూపాయల వరకు, అది తీర్చిన తరువాత 2 లక్షల వరకు 5 శాతము వడ్డీకి అప్పును ఏర్పాటు చేయబడినవి. ఆ పదునెనిమిదింటిలో సైకిలుపై తిరుగు సానవాని పేరు మాత్రము లేదు. ఇది మాకు న్యాయముగా తోచలేదు.

స్త్రీల సమాజమువారికి ఒక సూచన. కోతపండుగకు ముందు ఒక దినము నిర్ణయించి, ఆ దినమున సానవానిని మందిరపు ఆవరణకు పిలువవచ్చును. ఇంటింటికి తిరుగుటకు పోవు సమయము అతనికి మిగులును, చెట్టునీడ దొరకును, మనకు మెల్లగా పని జరుగును. కత్తులను ముందుగా కడిగి తుడిచి, గుడ్డలో చుట్టి, పిడిపై ఇంటిపేరు సుద్దతో వ్రాసి తేవలెను. విధవరాండ్ర కత్తులకు సంఘపు పెట్టెనుండి కూలి ఇయ్యవలెను. పిల్లలను చక్రమునకు ఎదురుగా నిలువనీయరాదు. రవ్వలు ఆ వైపే ఎగురును, అరుదుగా చక్రము పగిలినను ముక్కలు ఆ వైపే వచ్చును. మధ్యాహ్నమున అతనికి సంగటి పెట్టుడి. యెషయా 44:12లో కమ్మరవాడు కొలిమియొద్ద పని చేయుచు ఆకలిగొని, నీళ్లు త్రాగక సొమ్మసిల్లుట చెప్పబడియున్నది. పదును పెట్టిన కత్తులను ఇంటికి తెచ్చిన తరువాత ఒక చుక్క వేరుసెనగ నూనె రాచి, పిల్లలకు అందని చూరున పెట్టుడి.